ఎర్తు బోల్టు కింద నల్ల రంగు

రాయగడలో నాదో చిన్న షెడ్డు. స్కానర్ పెట్టి, కోడ్ చూసి, బండిలో ఏ సెన్సర్ చెడిందో చెప్పడం నా పని. ఆ ఏడు మా చెల్లికి నెలలు నిండుతున్నాయి. కాన్పుకి పద్మపూర్ నుంచి రాయగడ రావాలంటే మా బావ జీపే దిక్కు. ఆ జీపేమో విశ్వకర్మ పూజ అయిన వారం నుంచీ దారిలో ఆగిపోతోంది.

స్కానర్ ఒకసారి ఒక సెన్సర్ పేరు చూపించేది, ఇంకోసారి మరో రెండు. ఒకేసారి మూడు చెడతాయా అనే అనుమానం నాకూ వచ్చింది. మింగేసి మూడూ మార్చాను. తుడిచేసిన కోడ్‌లు రెండ్రోజుల్లో తిరిగొచ్చేవి. అవి కనబడితే నాకు ఒళ్లు మండేది, లోపల భయం వేసేది.

ఒకరోజు చెల్లి, "లైట్లేస్తేనే ఆగిపోతంది అన్నియ్యా, నువ్వే సూడు" అంది.

"నీకేటి తెలుసమ్మీ? యంత్రం సెప్తంది గదా" అని కసిరాను. లైట్లు వేసి చూడనే లేదు.

నొప్పులు మొదలైన రోజు నేను పద్మపూర్‌లోనే ఉన్నాను, జీపు నేనే తోలాను. వెనక సీట్లో బావ ఒళ్లో తల పెట్టుకుని చెల్లి. కొండమీది ఘాటీ రోడ్డు ఎక్కేసరికి వాన, పట్టపగలే మబ్బు కమ్మేసింది. వైపర్లు, లైట్లు వేశాను. మీటరు ముల్లు వణికింది. ఇంజన్ ఆగిపోయింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. చెల్లి అరుపు తప్ప ఏ చప్పుడూ వినబడలేదు నాకు.

అప్పుడు గుర్తొచ్చింది లైట్ల గురించి చెల్లి అన్న మాట. లైట్లు అలాగే ఉంచి, బ్యాటరీ మైనస్‌కీ ఇంజన్ ఇనుముకీ మధ్య వోల్టు మీటర్ పెట్టాను. దాదాపు సున్నా చూపించాలి. రెండు వోల్టులు దాటింది. కరెంటు తిరిగొచ్చే దారే మూసుకుపోయింది, సెన్సర్లన్నీ మంచివే. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్‌కి జంపర్ కేబుల్ కట్టాను. బండి లేచింది. ఆసుపత్రి గుమ్మంలోకి వెళ్లిన పావుగంటకే ఆడపిల్ల పుట్టింది.

మర్నాడు బ్యాటరీ మైనస్‌ని ఇంజన్‌కి కలిపే ఎర్తు వైరు బోల్టు విప్పాను. కింద ఇనుము లేదు, కరెంటుని పోనివ్వని నల్ల రంగుంది. పూజకి ముందు బానెట్ కింద రంగు కొట్టి మెరిపించడం మా షెడ్లలో ఆనవాయితీ. మనవాళ్ల బండి కదా అని ఆ వైరు ఊడదీసి మరీ, అడుగున కూడా వదలకుండా రెండు పూతలు వేసింది నేనే. సిగ్గుతో గీకేశాను. ఎవరికీ చెప్పలేదు.

మీ మావ లేకపోతే నువ్వు లేవని చెల్లీ బావా ఇన్నేళ్లూ పిల్లకి చెప్పుకుంటూ వచ్చారు. మొన్న పూజకి ముందు అది కుంచె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మా జీపుకి నువ్వే రంగెయ్యాలంట మావా. నాన్న ఇంకెవుల్నీ ముట్టుకోనివ్వడంట."