నడుములోతు నీళ్ళలో వైడ్ లెన్సు

తెలివి తక్కువై చెడినవాళ్ళ కథలు మీరు చాలా విని ఉంటారు. ముందుచూపు ఎక్కువై మునిగినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. మునగడమంటే మాటవరసకు కాదండోయ్! నిజంగానే, కోటూ టైతో సహా, పులికాట్ సరస్సులో, ఎనభై ముగ్గురు కళ్ళప్పగించి చూస్తుండగా దిగబడ్డాను.

అరవైల మొదట్లో మాట. సూళ్ళూరుపేటలో నాకో ఫోటో స్టూడియో ఉండేది. స్టూడియో అంటే ఒక ఇరుకు గది, వెనక బట్ట మీద గీసిన జలపాతం, ముందు ముక్కాలి స్టాండు మీద చిన్న చెక్క కెమెరా. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ వయసులో ఉన్నదానితో తృప్తిపడేవాడెవడు చెప్పండి? చిన్న కెమెరాను తుడుస్తూ పెద్ద కెమెరా కోసం కలలు కనేవాణ్ణి.

ఆ కలతోనే మద్రాసులో ఫోటో సామాన్ల కొట్టుకు పోయాను. అద్దాల బీరువాలో, ఎక్కువమందిని ఒకేసారి పట్టే వైడ్ లెన్సు ఒకటి కనిపించింది. ఇత్తడి అంచుతో, కొబ్బరికాయంత ఉంది. అదే కావాలన్నాను.

కొట్టాయన మంచివాడు. "తంబీ, ఇది పెద్ద కెమెరాకు చేసింది. వెనక బొమ్మ పడే ప్లేటు పెద్దదైతేనే వెడల్పంతా పడుతుంది. మీ చిన్న కెమెరాలో ఆ బొమ్మలో నడిమి ముక్కే వస్తుంది. మీకు సరిపోయే చిన్న వైడ్ లెన్సు ఉంది, అది తీసుకోండి" అన్నాడు.

"రేపు పెద్ద కెమెరా కొంటే ఆ చిన్నది దేనికి పనికొస్తుంది?"

"కొన్నప్పుడు చూసుకోవచ్చు కదా!"

"మీకు ముందుచూపు లేదు సార్" అన్నాను జాలిగా.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. నేను సోమలింగానికి పలకా బలపం కూడా కొనేసిన రకం. పైగా నా పాత లెన్సును ఆ కొట్లోనే బదులిచ్చేసి వచ్చాను. వడ్రంగి చేత కెమెరాకు కొత్త చెక్క చేయించి ఆ లెన్సు బిగిస్తే, పసిపిల్లాడికి తాత కళ్ళజోడు పెట్టినట్టుంది. పరీక్షించి చూసుకోలేదా అంటారా? నా గదిలో ఎటు తిప్పినా కనిపించేది గోడే కదండీ!

ఆ వారంలోనే సరస్సు ఒడ్డున ఉన్న జాలర్ల పల్లె నుంచి చెంగయ్య వచ్చాడు. అలాంటి పల్లెను మావైపు కుప్పం అంటారు. వాళ్ళమ్మ పోలమ్మకు ఎనభై దాటాయి. ఆమె బిడ్డలూ, మనవలూ, మునిమనవలూ, కోడళ్ళూ, అల్లుళ్ళూ ఆ వారం ఒక్కచోట చేరారు.

"ఫోటో దిగితే ఆయుస్సు తగ్గిపోద్దని మాయమ్మ ఇన్నాళ్ళూ కూర్చోలేదు సామీ. ఇప్పటికి ఒప్పుకునింది. అయితే ఒకటే మాట. ఎనభై ముగ్గురమూ పడాల. ఫోటోలో తెగినోడు కుటుంబంలో నించి తెగినట్టేనంట. ఒక్కడు తెగినా లేచి పోద్ది, మళ్ళీ కూర్చోదు."

"ఎనభై ముగ్గురేనా? ఈ లెన్సుతో మీ కుప్పమంతా పట్టిస్తాను, కుక్కలతో సహా!" అన్నాను.

మర్నాడు పొద్దున్నే కోటు తొడుక్కుని పోయాను. ఇళ్ళకూ నీళ్ళకూ మధ్య నాలుగు బారల నేల. ఇళ్ళ ముందు అందరూ వరసలు కట్టారు. నడుమ పోలమ్మ, ఎర్రచీర కట్టుకుని మహారాణిలా కూర్చుంది. నల్లగుడ్డలో తలదూర్చి చూశాను. పోలమ్మా, ఆమెకు ఆ పక్క పదిమందీ ఈ పక్క పదిమందీ! మిగతా అరవై మంది గాల్లో కలిసిపోయారు. కొట్టాయన మాట అప్పుడు చెవిలో గంటలా మోగింది.

ఏడుపొక్కటే తక్కువ. స్టాండెత్తుకుని వెనక్కి జరిగాను. ఇంకో పదిమంది వచ్చారు. ఇంకా జరిగాను. బూట్లు తడిశాయి.

"ఏంది అబ్బయా, మమ్మల్ని జూసి ఎనక్కెనక్కి పోతుండావు? పారిపోతుండావా?" అని పోలమ్మ కేక.

"లేదవ్వా! పెద్ద లెన్సు గదా, దూరం నుంచి చూడాల!"

మోకాళ్ళు మునిగాయి, తొడలు మునిగాయి. నడుములోతులో గాని చివరి అల్లుడు కెమెరా వెనక బొమ్మ కనిపించే అద్దంలోకి రాలేదు. తీరా వచ్చేసరికి స్టాండు కాళ్ళు బురదలోకి దిగిపోతున్నాయి. చెంగయ్య ఇద్దరు తమ్ముళ్ళతో దూకి వచ్చి తలో కాలూ పట్టుకున్నాడు.

"రేయ్ చెంగా! మీరు ముగ్గురూ ఆడుంటే ఫోటోలో యాడుంటారు? నేను లేస్తుండా!"

"అమ్మా, లేవబాక! వస్తుండాం!" అని అరిచి చెంగయ్య పక్కనే వల కట్టే గుంజలు మూడు పెరికి తెచ్చాడు. అన్నదమ్ములు వాటిని బురదలో లోతుగా దిగ్గొట్టి, స్టాండు కాళ్ళను తాళ్ళతో బిగించి, పరుగున పోయి వరసలో నిలబడ్డారు. నేను నీళ్ళు నిలకడయ్యేదాకా ఊపిరి బిగబట్టుకుని నల్లగుడ్డలో దూరాను. ఆ కెమెరాల్లో బొమ్మ తలకిందులుగా కనిపించేది. ఆ రోజు మాత్రం సగంమంది తలకిందులుగా, సగంమంది నిలువుగా కనిపించారు. భయంతో నాకే తల తిరుగుతోందనుకుని, దేవుడి మీద భారం వేసి నొక్కేశాను.

ఫోటో కడిగి కుప్పానికి పట్టుకెళ్ళాను. పోలమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క మొహం మీదా వేలు పెట్టి పేరు పేరునా లెక్కపెట్టింది. ఎనభై ముగ్గురూ ఉన్నారు. వేలు ఆగలేదు, కిందికి పోతోంది.

"చెంగా, ఇంకా ఉండారేందిరా?"

"అయ్యి నీళ్ళల్లో మన నీడలు గదమ్మా!"

"నీడలైతే ఏంది? నా వాళ్ళు కాదా?" అని గద్దించి, నా నెత్తిన చెయ్యి పెట్టింది. "నా సంసారాన్ని రెండింతలు చేసినావు గదా నాయనా! నూరేళ్ళు బతుకు!"

నా సంతోషం చూడాలి మీరు! అంతే, ఆ ఒడ్డు పొడుగునా ఏ కుప్పంలో పెళ్ళయినా నాకే పిలుపు. "నీళ్ళల్లో దిగి రెట్టింపు చేసే ఫోటో సామి కావాల" అనేవాళ్ళు. మూడేళ్ళకు మద్రాసు కొట్టాయన పెద్ద కెమెరా చూపించి, "ఇదిగో, మీ లెన్సుకు తగినది! ఎంతమందినైనా ఒడ్డున నిలబడే తీయొచ్చు" అన్నాడు.

"ఒడ్డున నిలబడి తీస్తే నన్నెవరు పిలుస్తారండీ?" అని దండం పెట్టేశాను.

రేపటి కోసమని ఈ జన్మలో ఏ వస్తువూ కొననని ఆ కొట్టు గుమ్మంలోనే మా ఊరి దేవత చెంగాలమ్మ తల్లి మీద ఒట్టేసుకున్నాను. తిరిగి వస్తూ పక్క అంగట్లో, నీళ్ళలో దిగడానికని రబ్బరు బూట్లు మాత్రం కొన్నాను. రెండు సైజులు పెద్దవే తీసుకున్నాను లెండి, ఇరవై ఏడేళ్ళవాణ్ణి, కాళ్ళు పెరగవూ?