దుల్సే గారి మొదటి ముక్క

దుల్సే గారికి స్పానిష్‌లో వచ్చిన మాట ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ ఊరంతటికీ పులిమేశాడు మహానుభావుడు. పెళ్ళికి ముందు సరుకుల ఓడ వంటగదిలో పనిచేసి, ఎన్నో రేవులు చూసి, చివరికి వెంట తెచ్చుకున్నది ఓ రేకు పెట్టె, ఈ మాటాను. దుల్సే అంటే మిఠాయి. తియ్యనిది అన్నా దుల్సేయే. వస్తువుకీ దాని గుణానికీ అక్కడ అదే మాటట. ఇంక ఆయనకు అడ్డేముంది!

"రెండు దుల్సేలు కట్టనా అమ్మా?" అనేవాడు. ఆ వెంటనే, "అబ్బ, ఎంత దుల్సే పాపండీ మీ పాప!" అనేవాడు. ఎండ దుల్సే, వాన దుల్సే, పోస్టుమాన్ సైకిల్ బెల్లు కూడా దుల్సే. దాంతో ఆయన అసలు పేరు జనం మరిచేపోయారు.

ఇదంతా చూసి కడుపు మండిపోయేది ఆయన తోడల్లుడికి. మామగారు వదిలివెళ్ళిన బేకరీని ఇద్దరూ కలిసి నడుపుతున్నారు. పెద్దల్లుడు లోపల పొయ్యి దగ్గర, చిన్నల్లుడు దుల్సే గారు బయట గాజు బీరువా దగ్గర. కేకు చేసేది పెద్దల్లుడు. జనం అడిగేది మాత్రం "దుల్సే గారి కేకు".

చివరికి పెద్దల్లుడి ఇంట్లో కూడా అదే గోల.

"మీరెప్పుడైనా నన్ను దుల్సే అన్నారా?" అంది భార్య ఓ రోజు.

"నేను నీ మొగుణ్ణి, ఓడ వంటవాణ్ణి కాదు!"

"అది తెలుస్తూనే ఉందిలెండి."

అన్నిటికంటే ఒళ్ళు మండించే అలవాటు ఇంకొకటుంది. ఏ కేకు కోసినా మొదటి ముక్క దుల్సే గారిదే. కొనేవాళ్ళ ఎదుటే నోట్లో వేసుకుని, కళ్ళు మూసి, "దుల్సే!" అని తీర్పు చెప్తాడు. జనం నవ్వుతారు, కొంటారు. లోపల పెద్దల్లుడు పళ్ళు కొరుక్కుంటాడు.

ఓ ఉదయం హోటల్ యజమానురాలు రుచి చూడ్డానికి వచ్చింది. నచ్చితే ఇకపై ఆవిడ హోటల్‌కు రోజూ ఇక్కడి కేకులే. ఈసారైనా "ఇది చేసిందెవరు?" అని ఆవిడ అడగాలనీ, తను ఆప్రాన్ దులుపుకుంటూ బయటికి రావాలనీ పెద్దల్లుడి ఆశ. క్రీము గిలక్కొడుతున్నాడే గాని చెవులు రెండూ బయటే ఉన్నాయి.

"కూర్చోండమ్మా, దుల్సే వచ్చేస్తోంది!"

ఆవిడ పకపకా నవ్వింది. అప్పుడే మొదలెట్టాడు, అనుకున్నాడు పెద్దల్లుడు. ఆ కచ్చలోనే చేతికందిన డబ్బా క్రీములోకి వంచి, కలిపి పూసి, కేకు పంపించాడు. తలుపు సందులోంచి తొంగిచూశాడు.

దుల్సే గారు మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూశాడు. చాలాసేపు తెరవలేదు.

"దుల్సే..." అన్నాడు నీరసంగా. ఆవిడ చెయ్యి చాపింది. ఆయన పళ్ళెం తన వైపు లాక్కుని రెండో ముక్క మింగాడు, మూడోదీ మింగాడు. కేకంతా ఖాళీ!

"క్షమించండమ్మా, మా అన్నయ్య కేకు చూస్తే నాకు ఒళ్ళు తెలీదు. కాస్త ఆగండి, మీకోసం ఇంకోటి చేస్తాడు."

ఆవిడ కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. పెద్దల్లుడికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. లోపలికి వచ్చిన తోడల్లుణ్ణి కాలర్ పట్టుకున్నాడు.

"నా కేకు! నాకొచ్చిన ఒక్క అవకాశం కూడా మింగేశావు కదయ్యా!"

దుల్సే గారు కాలర్ విడిపించుకుని, కుళాయి కింద నోరు పెట్టి గటగటా నీళ్ళు తాగుతున్నాడు. పెద్దల్లుడు అనుమానంగా గిన్నెలో మిగిలిన క్రీము నాకాడు. పంచదార పొడి డబ్బా అలాగే ఉంది. వంచింది బ్రెడ్డు పిండిలో వేసే మెత్తటి ఉప్పు.

"ఇదంతా... తిన్నావా?"

"నీ చేతులిక్కడా, చెవులక్కడా ఉంటున్నాయి కదన్నయ్యా. ఎప్పుడో ఒకప్పుడు ఇలా అవుతుందని తెలుసు. అందుకే మొదటి ముక్క ఎవరికీ ఇవ్వను. పద, ఇంకోటి చెయ్యి, ఆవిడ ఎదురుచూస్తోంది."

రెండో కేకు తిన్న ఆవిడ, "ఇది చేసిందెవరు?" అని అడగనే అడిగింది. దుల్సే గారు పెద్దల్లుణ్ణి రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. అంతకాలం ఎదురుచూసిన క్షణంలో పెద్దల్లుడు ఆప్రాన్ దులుపుకోవడం కూడా మరిచిపోయాడు. ఆవిడ ఆర్డరిచ్చి వెళ్ళాక, గోడవైపు చూస్తూ గొణిగాడు.

"నువ్వు... దుల్సేవయ్యా."

"పలకడం కుదర్లేదన్నయ్యా," అన్నాడు దుల్సే గారు కుళాయి వైపు పరిగెడుతూ. "ముందు ఇంట్లో వదిన దగ్గర సాధన చెయ్యి!"