మూత కింద మీగడ

మా ఆయన దవాఖాన నుంచి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున నన్ను అడిగిన మొదటి మాట, "సెల్ఫ్ కొట్టినవా?" అని. మంచినీళ్లు అడగలేదు. నేను నిద్రపోయానా లేదా అన్నది సరేసరి.

ఆయన శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడిపేవాడు. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కారు మా ఇంటి పక్క ఖాళీ ప్లాటులో, ఆయన ఆఖరిసారి పెట్టిన చోటే నిలబడిపోయింది. సెల్ఫ్ కొట్టడమంటే డ్రైవర్ల భాషలో తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చెయ్యడం. నిలబడ్డ బండికి రోజూ పొద్దున సెల్ఫ్ కొట్టి, కాసేపు ఇంజిన్ నడవనిచ్చి ఆపేస్తే బ్యాటరీ దిగదని, బండి ప్రాణంతో ఉంటుందని వాళ్ల నమ్మకం. నాకు డ్రైవింగ్ రాదు. నేను బడిలో తెలుగు చెప్తాను, బడికి నడిచే పోతాను. అందుకని మంచం మీద నుంచే నేర్పించాడు. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడు, క్లచ్ తొక్కు, తాళం తిప్పు. అంతకుమించి బండిని అంగుళం కూడా కదిలించనని నాతో ఒట్టు పెట్టించుకున్నాడు.

రోజూ అదే తంతు. నేను బయటికి పోయే ముందు కిటికీ తెరవమనేవాడు. చలి ఇంట్లోకి కొడుతుంటే దుప్పటి గడ్డం దాకా లాక్కుని ఇంజిన్ చప్పుడు వినేవాడు. పైన విమానం దిగుతున్న మోత వినిపిస్తే, "ఫ్లైట్ దిగింది. ఇగ లైను కదుల్తది" అనేవాడు. పార్కింగులో తన వంతు కోసం పడిగాపులు పడుతున్నట్టే ఉండేది ఆ మాట. ఆ కాసేపూ ఆయన మొహం పాత మొహంలా ఉండేది. అందుకే విసుక్కుంటూనైనా పొద్దున్నే తాళాలు పట్టుకుని మంచులోకి పోయేదాన్ని.

ఆయనకు తెలియనిది ఒకటి నాకు తెలుసు. దవాఖానలో ఉండగానే ఆయన కంచంలో సగం అన్నం వదిలేయడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఎడమ సగమే. "ఏంది, ఇంత తక్కువ పెట్టినవ్?" అని నా మీదే కోపం. నేను కంచాన్ని అటుదిటు తిప్పితే, "ఆ, ఇప్పుడు పెట్టినవ్" అని తినేవాడు. నేను నవ్వాను మొదట్లో. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది. "కళ్లు బాగానే ఉన్నాయమ్మా. మెదడే ఎడమవైపును లెక్కలోకి తీసుకోవడం లేదు. అటు ఒకటి ఉందనే ఆయనకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. ఇన్నాళ్లయినా మార్పు లేదు కాబట్టి నేను ఆశ పెట్టను. బండి నడపడం మాత్రం ఇక మర్చిపొమ్మని మెల్లగా చెప్పండి."

మెల్లగా చెప్పండట. ఆ డాక్టరమ్మ మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎంత మెల్లగా చెప్తే మాత్రం ఆ మాట అర్థం మారుతుందా? నేను చెప్పలేదు. ఆయన లెక్కలో పోయింది ఒక కాలు, ఒక చెయ్యి, అంతే. "కాలు జర సెట్ కానీ, ఉగాదికల్ల లైన్ల ఉంట సూడు" అనేవాడు, వచ్చిన ప్రతివాళ్లతోనూ. వాళ్లు తలూపి, చాయ్ తాగి, పోయేవాళ్లు.

ఆ యేడు మా వైపు చలి గట్టిగా పట్టింది. ఎయిర్‌పోర్టు చుట్టూ బయలు కదా, ఊర్లో కన్నా మాకు చలి ఒక పాలు ఎక్కువే. అట్లాంటి ఒక పొద్దున ఆయనకు ఆయిల్ సంగతి గుర్తొచ్చింది. బానెట్ లేపి, ఆయిల్ పోసే మూత తిప్పి చూసి రమ్మన్నాడు. తిప్పాను. మూత లోపలంతా తెల్లగా, కాస్త పసుపు కలిసి, చిక్కటి మీగడ కట్టి ఉంది. పక్క వాటాలో ఉండే డ్రైవరు పళ్లు తోముకుంటూ వచ్చి తొంగిచూశాడు.

"గయా, అక్కా. హెడ్ గ్యాస్కెట్ పోయింది. నీళ్లు ఆయిల్ల కలుస్తున్నయ్. ఇంజిన్ దించుడే ఇగ."

లోపలికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. ఇంజిన్‌కు, దాని పైనుండే హెడ్డుకు మధ్య ఉండే పొరట ఈ గ్యాస్కెట్. అది పోతే రేడియేటర్ నీళ్లు ఆయిల్లోకి దిగుతాయి. ఇంజిన్ మొత్తం విప్పాలి. ఒకసారి విప్పిన ఇంజిన్ మళ్లీ మునుపటిలా ఉండదని ఆయన పట్టుదల. తర్వాత కాటేదాన్‌లో షెడ్డున్న తన మెకానిక్ దోస్తుకు ఫోన్ కలపమన్నాడు.

"ఆయిల్ పాలైందా, భాభీ?" అన్నాడు ఆ భాయ్, నేను చెప్పింది విని.

"ఎవరి పాలైంది?" అన్నాను. తెలుగు టీచర్ని, నా నోరు ఊరుకోదు. వాళ్ల భాషలో ఆయిల్ పాలవడమంటే ఆయిల్లో నీళ్లు కలిసి పాలలా తెల్లబడటం. నాకేమో నేలపాలు, బూడిదపాలు గుర్తొచ్చాయి. మంచం మీద మా ఆయన ఫక్కున నవ్వాడు. పక్షవాతం వచ్చాక ఆయన అట్లా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు మూతిలో సగానికే వచ్చింది.

భాయ్ ఆదివారం వస్తానన్నాడు. కానీ మా ఆయనకు ఆదివారం దాకా ఆగే ఓపిక ఎక్కడిది? పడుకునే వైద్యం మొదలుపెట్టాడు. ఆయిల్ గేజీ పుల్ల తీసుకురమ్మన్నాడు. ఇంజిన్ అడుగున ఆయిల్ ఎంతుందో చూసే పొడుగాటి ఇనప పుల్ల అది. కుడిచేత్తో పట్టుకుని, వెలుతురుకు ఎత్తి చూసి, వేలితో రుద్ది, వాసన చూశాడు. ఆయిల్ నల్లగా, మామూలుగానే ఉంది. తెలుపు లేదు. "నీళ్ల డబ్బల లెవెల్ ఎంతున్నదో గుర్తు పెట్టు" అన్నాడు. రేడియేటర్ నీళ్ల డబ్బా మీద స్కెచ్ పెన్నుతో గీత గీశాను. ఆదివారం దాకా రోజూ చూశాను, నీళ్లు గీత దిగలేదు.

"సైలెన్సర్ల పొగ ఎట్లున్నది?"

"తెల్లగ ఉంది."

"చలికి తెల్లగనే ఉంటది. రేడియేటర్ నీళ్లు ఇంజిన్ల కాలుతుంటే తియ్యగ వాసనొస్తది, వస్తుందా? పోయి జర ముక్కు పెట్టి సూడు."

పోయి, కొంగు అడ్డం పెట్టుకుని, వంగి సైలెన్సర్ వాసన చూశాను. సరిగ్గా అప్పుడే మా బడి పిల్లలు ట్యూషన్‌కు పోతూ, "గుడ్ మార్నింగ్ టీచర్" అన్నారు. నా పరువు ఎయిర్‌పోర్టు దాకా పోయింది. తియ్యటి వాసన మాత్రం ఏమీ లేదు.

"గ్యాస్కెట్ కాదు" అన్నాడు మా ఆయన, వాక్యం వాక్యానికి దమ్ము తీసుకుంటూ. "గ్యాస్కెట్ పోతే డబ్బల నీళ్లు దిగాలె, పుల్ల మీద గూడ తెలుపు కనపడాలె. ఇది చలిది. ఇంజిన్ల గాలికి తేమ ఉంటది. బండి దూరం నడిచి వేడెక్కితే ఆ తేమ ఆవిరై పోతది. మనం సెల్ఫ్ కొడుతున్నం, వేడెక్కక ముందే బందు చేస్తున్నం. ఆవిరి పోయి చల్లటి మూతకు తగిలి నీళ్లైతుంది, ఆయిల్ల కలిసి మీగడైతుంది. బండికి రోగం లేదు. నడవక గట్లైంది."

బండి బతకాలని రోజూ మేం చేస్తున్న పనే దానికి ఆ మీగడ పట్టించింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మాత్రం మహదానందంగా ఉన్నాడు. "రోగం లేదు, నడవక గట్లైంది" అని ఆ రోజంతా అంటూనే ఉన్నాడు. ఎవరి గురించి అంటున్నాడో నాకు తెలుసు. వంటింట్లోకి పోయి తలుపు దగ్గరకేసుకున్నాను.

ఆదివారం భాయ్ వచ్చి చూసి, "నువ్వు చెప్పిందే కరెక్ట్, అన్నా" అన్నాడు. షాద్‌నగర్ దాకా ఆపకుండా నడిపి తెస్తే మీగడ ఎగిరిపోతుందన్నాడు. మా ఆయన తానూ వస్తానన్నాడు. ఇద్దరం కలిసి ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాం. నేను వెనక కూర్చున్నాను. హైవే ఎక్కాక ఆయన కళ్లు భాయ్ చేతుల మీద, గేరు మీద, మీటర్ల మీద. "వేడెక్కుతుంది, వేడెక్కుతుంది" అంటున్నాడు. తన పక్క కిటికీలోంచి పొలాలు, ప్లాట్ల బోర్డులు, కంపెనీల గోడలు పోతున్నాయి. ఒక్కసారి కూడా అటు తిరగలేదు.

షాద్‌నగర్ ఇంకా రాకముందే చాయ్ తాగుదామని భాయ్ ఎడమకు తియ్యబోతూ, డ్రైవర్లు ఒకరినొకరు అడిగినట్టే అడిగాడు. "అన్నా, లెఫ్టుల ఏమన్న ఉన్నదా?"

"ఖాళీ. తియ్యి."

పక్కనే లారీ ఉంది. నా కిటికీలోంచి చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. నేను అరిచాను. భాయ్ కూడా అద్దంలో చూసుకున్నట్టున్నాడు, స్టీరింగు వెనక్కి తిప్పి బ్రేకు కొట్టాడు. లారీ హారను మోగించుకుంటూ పోయింది.

"యాడికెళ్లి ఊడిపడ్డడ్రా వీడు!" అన్నాడు మా ఆయన. ఆయనకు నిజంగానే ఆశ్చర్యం. ఇన్నేళ్లలో ఆయన బండికి ఒక గీత పడలేదు. లారీల వాళ్లకు కళ్లు నెత్తికెక్కాయని తిట్టాడు. భాయ్ అద్దంలో నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. చాయ్ దగ్గర భాయ్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడే గానీ తాగలేదు.

ఇంటికొచ్చి మూత విప్పితే మీగడ దాదాపు పోయింది. మా ఆయన పిల్లాడిలా మళ్లీ మళ్లీ చూపించమన్నాడు. భాయ్ పోతూ పోతూ గేటు దగ్గర ఆగాడు. "బండికి ఏం లేదు, భాభీ. వారానికోపారి దూరం తిప్పాలె, గంతే." గేటు గడియ తీస్తూ, "తిప్పెటోడుండాలె" అన్నాడు. తనే తిప్పుతానన్నాడు. కొన్ని వారాలు వచ్చాడు కూడా. తర్వాత షెడ్డులో పని ఎక్కువైంది. ఆయన బతుకు ఆయనది, తప్పు పట్టను.

నన్ను డ్రైవింగ్ నేర్చుకోమన్నవాళ్లున్నారు. అమ్మెయ్యమన్నవాళ్లున్నారు. రెండూ బుద్ధి ఉన్న మాటలే. కానీ ఆ స్టీరింగు నా చేతికొచ్చినా, ఇంకెవరి చేతికి పోయినా, ఆయనకు తెలిసిపోతుంది. డాక్టరమ్మ చెప్పమన్న మాట నేను చెప్పకుండానే చెప్పినట్టవుతుంది. అంతకన్నా ఆ ఇంజిన్ పాడైపోవడమే నయమనుకున్నాను.

ఉగాది వచ్చి పోయింది. "ఈపారి దసరాకు" అన్నాడు. దసరా కూడా పోయింది, మళ్లీ చలి పట్టింది. రోజూ సెల్ఫ్ కొడుతూనే ఉన్నాను, మూత కింద మీగడ కడుతూనే ఉంది. సెల్ఫ్ కొట్టకపోతే ఆయన లేవడు, అన్నం ముట్టడు. అందుకని కొట్టి, మూత విప్పి, పాత గుడ్డతో శుభ్రంగా తుడిచి తీసుకొచ్చి చూపించేదాన్ని. "పాలైందా?" అని అడిగేవాడు. "కాలేదు" అనేదాన్ని.

మొన్న బడిలో పరీక్షలు. ఆ తొందరలో ఇంజిన్ ఆపి, తుడవడం మరిచిపోయి, మూత విప్పుకొచ్చి ఆయన ముందు పెట్టాను. పెట్టాక చూశాను. మూతకు ఒక పక్క అంతా దట్టంగా తెల్లగా పేరుకుని ఉంది, రెండో పక్క నున్నగా, నల్లగా ఉంది. తెలుపంతా ఆయనకు ఎడమవైపుంది.

ఆయన కుడిచేత్తో దాన్ని అందుకుని, దగ్గరగా పెట్టుకుని, తీరిగ్గా చూశాడు.

"చుక్క గూడ లేదు" అన్నాడు. "నేను చెప్పలే?"

ఇప్పుడు నేను మూత తుడవడం మానేశాను. తెలుపు ఎడమకు వచ్చేటట్టు తిప్పి ఆయన చేతిలో పెడతాను.