ఇంగ్రిడ్ ఆఫీసులో ఎక్స్‌పైర్ అయినవాళ్ళు

నిన్న పొద్దున బాతెల్ అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో ఫ్రిజ్ తీయగానే విరిగిన పాల వాసన గుప్పున కొట్టింది. మనవరాలు డబ్బా మీద తేదీ చూసి, ముక్కు మూసుకుని, "అమ్మమ్మా, పాలు ఎక్స్‌పైర్ అయిపోయింది" అంది. పాలకు బహువచనం దానికింకా పట్టుబడలేదు. నవ్వి ఊరుకోవలసినదాన్ని, నవ్వలేకపోయాను. ఆ మాట వింటే నాకు ఇంగ్రిడ్ గుర్తొస్తుంది.

డెబ్బైల చివర్లో మేం మిన్నెసోటా ఉత్తరాన, ఇనుప గనుల ఊళ్ళో ఉండేవాళ్ళం. పని పోయినవాళ్ళకు భృతి ఇచ్చే ఆఫీసులో నాకు ఫైళ్ళు సర్దే ఉద్యోగం దొరికింది. నా పైఅధికారి ఇంగ్రిడ్. స్వీడన్‌లో ఇలాంటి ఆఫీసులోనే పనిచేసి వచ్చిన మనిషి. మాట తక్కువ, చూపు సూటి. మొదటిరోజే నా ముందు ఒక ఫైళ్ళ కట్ట పెట్టింది. ప్రతిదాని మీదా ఎర్రసిరాతో 'ఎక్స్‌పైర్డ్' అని ముద్ర. మన ఇళ్ళలో ఆ మాటకు ఒకటే అర్థం కదా! "అయ్యో, ఇంతమంది పోయారా?" అన్నాను. పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఇంగ్రిడ్ నవ్వలేదు.

"పోలేదు. భృతి గడువు తీరింది" అంది. "మా దేశంలో గడువు తీరితే ఫైలు మూసేవాళ్ళం, మనిషిని కాదు. ఇంకో పని నేర్పేవాళ్ళం. పెన్షన్ చేతికొచ్చేదాకా ఆ మనిషి మా బాధ్యతే అనుకునేవాళ్ళం. ఇక్కడ నా చేతిలో అంత లేదు. నువ్వు మాత్రం ఫైలు బీరువాలో పెట్టేముందు ఫోన్ చెయ్యి. గొంతు విను. తర్వాతే పెట్టు."

ఎనభైల మొదట్లో గనుల్లో సగంమందిని తీసేశాక ఆ కట్టలు బల్ల మీద పట్టక నేల మీదకొచ్చాయి. నేను ఫోన్లు చేస్తూనే ఉన్నాను. కొన్ని ఇళ్ళలో మోగీ మోగీ ఆగిపోయేది. కొన్నిచోట్ల ఎత్తి, ఊపిరి మాత్రం వినిపించి, పెట్టేసేవారు. ఆఫీసులో అందరూ "ఫలానాయన ఎక్స్‌పైర్ అయ్యాడు" అనేవాళ్ళు. మొదట్లో ఉలిక్కిపడ్డ నాకూ అది నోటికి అలవాటైపోయింది. ఆ రోజుల్లోనే ముందు గదిలో చివరి కుర్చీలో ఒకాయన రోజూ వచ్చి కూర్చునేవాడు. కౌంటర్ దగ్గరికి రాడు, ఎవరితోనూ మాట్లాడడు. చలికి వచ్చాడనుకుని ఎవరం పేరు అడగలేదు.

మంచు కురుస్తున్న ఒక పొద్దున వాల్టర్ అనే గని కార్మికుడి ఫైలు నా చేతికొచ్చింది. ఊరికి దూరంగా, అడవి పక్కన ఇల్లు. ఫోన్ ఆయన భార్య ఎత్తింది. ఆయన గనికెళ్ళారంది. నేను ఫైలు చూస్తూ యథాలాపంగా అనేశాను: "లేదండీ, మీవారు పోయిన వారమే ఎక్స్‌పైర్ అయ్యారు."

ఆమె మెల్లగా అడిగింది. "అయితే రాత్రి నా ఎదురుగా కూర్చుని తిన్నదెవరు? పొద్దున ఆకుపచ్చ టోపీ పెట్టుకుని, లంచ్ బాక్స్ పట్టుకుని వెళ్ళిందెవరు?"

తలెత్తాను. చివరి కుర్చీలో ఆకుపచ్చ టోపీ. ఒళ్ళో లంచ్ బాక్స్. ఆయన కదలకుండా నావైపే చూస్తున్నాడు. దాచుకోవడమెందుకు, ఆ క్షణంలో ఆయన బతికున్నాడని నాకూ నమ్మకం కలగలేదు.

నా మాట విన్న ఇంగ్రిడ్ ఆయన్ని పేరడిగి వచ్చి, నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "ఆయన ఇక్కడే ఉన్నారు, క్షేమంగా ఉన్నారు. తీసుకొస్తున్నాం" అని పెట్టేసింది. నోరు జారానని నేను ఏడ్చాను. "మనమందరం రోజూ అంటున్నదే. ఇవాళ ఇంట్లోవాళ్ళు విన్నారు. కోటు వేసుకో" అంది. కార్లో దారంతా వాల్టర్ లంచ్ బాక్స్ ఒళ్ళో పట్టుకునే కూర్చున్నాడు.

గుమ్మంలో నిలబడ్డ వాల్టర్ భార్య ఆయన ముఖాన్ని రెండు చేతులతో, చీకట్లో తడిమినట్టు తడిమింది. తర్వాత మా వైపు తిరిగి, "ఫోన్లో మాట్లాడిందెవరు?" అంది. ఇంగ్రిడ్ నేను ముందుకు రావడానికి పక్కకు జరిగింది.

"నేనే. అనకూడని మాట అన్నాను. క్షమించండి" అన్నాను.

అప్పుడు వాల్టర్ మాట్లాడాడు. "పోయింది నేను కాదు, నా ఉద్యోగం. నీకు చెప్పే ధైర్యం లేక రోజూ వాళ్ళ ఆఫీసుకెళ్ళి కూర్చుంటున్నాను." ఆమె ఆయన చేతిలోని లంచ్ బాక్స్ అందుకుని, ఆయన్ని లోపలికి తీసుకెళ్ళింది.

అప్పటినుంచి చెడ్డ కబురు ఏదైనా నేను ఫోన్లో చెప్పను. ఎంత దూరమైనా వెళ్ళి, గుమ్మంలో నిలబడి, ఎదుటి మనిషి ముఖం చూస్తూ చెబుతాను. నోరు విప్పేముందు ఇప్పటికీ ఒకసారి పక్కకు చూస్తాను, ఇంగ్రిడ్ జరిగి చోటిచ్చిందేమోనని.