ఒక్కకాడ కట్టకు

"ఆ రెండింటినీ ఒక్కకాడ కట్టకే. వాటికి పడదు."

"నేను సూసుకుంట తియ్. నువ్వు పండుకో."

నా పెనిమిటీ నేనూ ఆఖరుసారి అనుకున్న మాటలు ఇవే. సూర్యాపేట దవాఖానలో మంచం పక్కన కూర్చుని నేను బత్తాయి ఒలుస్తున్నాను. పండుకోమన్నాను, పండుకున్నాడు. మళ్లీ లేవలేదు. ఒలిచిన బత్తాయి నా చేతిలోనే ఉండిపోయింది.

ఆఖరి మాట అంటే పెద్ద మాటేదో ఉంటుందనుకుంటాం. బిడ్డ గురించో, ఇంటి గురించో చెబుతాడనుకుంటాం. మా ఆయన పొట్టేళ్ల గురించి చెప్పి పోయాడనుకున్నాను నేను.

ఎందుకంటే మాది గొర్లు కాసిన ఇల్లు. ఆయన తర్వాత కారు కొనుక్కుని కిరాయికి నడిపాడు గానీ, ఇంటి వెనక రెండు పొట్టేళ్లను మాత్రం వదల్లేదు. వాటికి ఒకదాని మొహం ఒకదానికి పడదు. కట్టు తెంపుకుని మరీ ఢీకొంటాయి. పెద్దదాని కొమ్ము విరిగింది కూడా. పోయేటప్పుడు మనిషి చెప్పిన మాట కదా, తప్పకూడదని కర్మకాండ అయిపోగానే ఒకదాన్ని గరిడేపల్లిలో మా అన్న ఇంటికి తోలించాను. మా అన్న నవ్వాడు.

"పొట్టేలుకు వేరు కాపురం పెట్టిచ్చినవా చెల్లే?"

"నీ బావ మాట. కుడితి మంచిగ పెట్టు" అన్నాను.

ఇక కారు సంగతి. దవాఖాన దగ్గరున్న కారును మా మరిది ఇంటికి తెచ్చి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఆయన చొక్కా జేబులో ఉండే చెవి అది. ఆయన బొటనవేలు పడీ పడీ దాని నల్ల తలకాయ నున్నగా అయింది. దానికి జోడు చెవి ఇంకొకటి మా బియ్యం డబ్బాలో ఉంటుంది. "తాళంచెవిని బియ్యంల దాసే మొగోన్ని నిన్నే సూసిన" అని ఎన్నిసార్లు అన్నానో. నవ్వేవాడు తప్ప తీసేవాడు కాదు. ఆ రోజు నేనే డబ్బాలో చెయ్యి పెట్టి దాన్ని తీసి, రెండింటినీ ఒకే రింగుకు ఎక్కించాను. మనిషి ఎలాగూ లేడు, చెవులన్నా జతగా ఉండనీ అనుకున్నాను. ఆయన ఫోటో కింద మేకుకు తగిలించాను.

కొన్నాళ్లు ఆ కారు వాకిట్లో దుమ్ము పట్టి ఉంది. మా బిడ్డ, ఇది రాస్తున్నది తనే, వాళ్ల నాయన దగ్గరే డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తీసుకుంది. కోదాడ కాలేజీలో పాఠాలు చెప్పే మేడములు ముగ్గురు మా సూర్యాపేటలోనే ఉంటారు. వాళ్లను రోజూ దింపి తెచ్చే పని మాట్లాడుకుని వచ్చింది. సోమవారం నుంచి బండి రావాలి, రాకపోతే ఇంకో బండి చూసుకుంటామన్నారు వాళ్లు. మా మరిదికి ఇది నచ్చలేదు.

"ఆడివిల్ల కిరాయి బండి నడుపుతదా వదినా? మిర్యాలగూడల నాకు తెలిసిన సేటు ఉన్నడు, కారు కొంటనంటుండు. ఇచ్చేద్దాం."

"స్టార్టు చేసి సూపిస్త, అప్పుడు మాట్లాడు చిన్నాయినా" అంది నా బిడ్డ.

స్టార్టు కాలేదు. మొదట బ్యాటరీ పోయిందన్నారు, ఎన్నాళ్లో నిలబడిన బండి కదా. మా వీధి చివర మెకానిక్ వచ్చి కొత్త బ్యాటరీ పెట్టాడు. ఈసారి కిర్రుకిర్రుమని తిరిగింది. ఒక్క క్షణం ఇంజను అందుకుంది, అంతలోనే గొంతు నొక్కినట్టు ఆగింది. మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. పెట్రోలు చూశాడు, ఉంది. వైర్లు చూశాడు, ఎలుక కొరకలేదు. నేను కిటికీలోంచి తొంగి చూశాను. చదువు రాదు గానీ బొమ్మ తెలుస్తుంది కదా.

"అగో, ఆడ ఎర్రలైటు కొట్టుకుంటుంది సూడు. కారు మీద తాళం బొమ్మ" అన్నాను.

మెకానిక్ చూసి నాలుక కరుచుకున్నాడు. "దొంగలు ఎత్తుకపోకుంట పెట్టిన తాళం పడ్డదమ్మా. బండి మిమ్మల్ని దొంగలనుకుంటుంది."

"నా మొగుని కారుకు నేను దొంగనా?"

"నన్నెందుకు తిడ్తవ్, కారును తిట్టు" అన్నాడు. అది తన చేతిలో పని కాదనీ, మిర్యాలగూడలో కంప్యూటరు పెట్టి చూసే మెకానిక్ దగ్గరికి తీసుకుపొమ్మనీ చెప్పాడు. మా మరిది హుషారయ్యాడు. బాగైతే సరే, కాకపోతే సేటు ఊరూ అదే. శనివారం పొద్దున్నే కారును లారీ మీదికి ఎక్కించారు. నేనూ బిడ్డా మరిదీ వెనక బస్సులో పోయాం. దారి పొడవునా నా బిడ్డ రింగును వేలికి పెట్టుకుని తిప్పుతూ కూర్చుంది.

మిర్యాలగూడ మెకానిక్ నెమ్మదైన మనిషి. స్టీరింగు కింద ఒక వైరు గుచ్చి, చేతిలో పలక లాంటి మిషను పట్టుకుని చూశాడు.

"చెవిని గుర్తువడతలేదు అంటుందమ్మా. ఇంకో చెవి ఉన్నదా?"

"గా రింగుకే ఉన్నది సూడు నాయినా."

రింగు తీయకుండానే రెండో చెవి పెట్టి తిప్పాడు. అదే కిర్రు, అదే ఆగడం, అదే ఎర్రలైటు. తల గోక్కున్నాడు. రెండు చెవులూ ఒక్కసారే ఖరాబు కావు కాబట్టి కారు లోపల చెవిని గుర్తుపట్టే డబ్బానే పోయిందనీ, అది తెప్పించాలంటే చాలా రోజులు పడుతుందనీ, ఈ పాత బండికి అంత పెట్టడం దండగనీ చెప్పాడు.

"ఇన్నవా వదినా? ఇగ ఖతం. సేటుకు ఫోన్ చేస్త" అన్నాడు మా మరిది.

నా బిడ్డ మొహం చూశాను. తెల్లబోయింది. సోమవారం, కోదాడ, మేడములు, అన్నీ ఆ మొహంలోంచి ఒక్కొక్కటే పోతున్నట్టు కనిపించాయి. తాళంచెవులు చేతిలోకి తీసుకున్నాను.

"అమ్ముతె అమ్ముండ్రి. గని నా మొగుడు పట్టుకున్న చెవి మాత్రం నేనియ్య. కొనేటోనికి ఒక్కటి సాలు."

రింగు గట్టిది, గోరు విరిగినంత పనైంది. నున్నటి చెవిని ఊడదీసి కొంగులో ముడి వేసుకున్నాను. మిగిలిన దాన్ని మెకానిక్‌కు ఇచ్చి దూరంగా వేపచెట్టు కిందికి పోయి నిలబడ్డాను.

వెనక వేరే బండి రావాలని మెకానిక్ మా కారును పక్కకు నెట్టబోయాడు. స్టీరింగు బిగుసుకుంటుందని లోపల కూర్చుని అలవాటుగా చెవి చివరిదాకా తిప్పాడు. ఇంజను పట్టుకుంది. ఆగలేదు. బుర్రుమని అట్లాగే ఉంది.

అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మెకానిక్ దిగలేదు. బండి ఆపి మళ్లీ తిప్పాడు, స్టార్టయింది. అప్పుడు తల బయటపెట్టి నన్ను పిలిచాడు.

"అమ్మా, కొంగులున్నది జర ఇయ్యి."

రెండూ కలిపి తిప్పాడు, ఆగిపోయింది. విడదీసి తిప్పాడు, స్టార్టయింది. పగలబడి నవ్వాడు.

"తప్పు నాదేనమ్మా, రింగు తీయకుంట సూసిన. చెవి తలకాయల చిప్పు ఉంటది. తిప్పంగనే తాళం దాన్ని 'నువ్వెవరు' అని అడుగుతది. రెండు చెవులు ఒక్కసారే జవాబు చెప్తుంటె దానికేం సమజ్ గాదు. దొంగలనుకొని బంద్ చేస్తది. అన్ని బండ్లకు గిట్ల గాదు, మీ దానికి అయితుంది. వీటిని ఒక్కకాడ కట్టకు. వాటికి పడదు."

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. "ఏమైందే అమ్మా?" అని బిడ్డ ఉరికొచ్చింది. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియదు.

ఆయన ఒకప్పుడు కోదాడలో బండి మొరాయించిందని ఆలస్యంగా ఇంటికొచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ రాత్రే జోడు చెవి రింగు నుంచి ఊడి బియ్యం డబ్బాలోకి పోయింది. ఎందుకో నేను అడగలేదు, తిట్టాను. మంచం మీద పడి ఆయన తలుచుకున్నది పొట్టేళ్లను కాదు, ఈ చెవులను. తన తర్వాత ఆ కారు బిడ్డ నడపాలని తలుచుకున్నాడు. నేనేమో ఆ మాటతో పొట్టేలును గరిడేపల్లికి తోలాను!

సంగతి చెబితే మా మరిది బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. తర్వాత ఫోన్ తీశాడు.

"సేటూ, బండి అమ్మం. మా బిడ్డ నడుపుతది" అన్నాడు.

మిర్యాలగూడ నుంచి సూర్యాపేట దాకా తనే నడిపింది. మా మరిది వెనక సీట్లో కూర్చుని దారంతా "జర మెల్లగ పో" అంటూనే ఉన్నాడు. సోమవారం పొద్దున కొబ్బరికాయ కొట్టాను. కారు కోదాడకు పోయింది, సాయంత్రం తిరిగొచ్చింది. ఇప్పుడు రోజూ పోయి వస్తుంది. నున్నటి చెవి నా బిడ్డ జేబులో ఉంటుంది, జోడుది బియ్యం డబ్బాలో. అన్నానికి బియ్యం తీసేటప్పుడు చేతికి తగులుతుంది, పక్కకు జరిపి బియ్యం కొలుచుకుంటాను. పొట్టేలును తిరిగి పంపమంటే మా అన్న ఒప్పుకోవడం లేదు, కాపురం కుదురుకుందంటున్నాడు.

ఇంతే బిడ్డా. నవ్వింది సాలు గని, నేను చెప్పిందే రాసినవా, నీ సొంతం ఏమన్న కలిపినవా? ఏదీ, మొదటి కాడికెల్లి సదువు. మీ నాయిన మాట జర నిమ్మలంగ సదువు.