ఎర్త్ వైరుకు గంధం

ఒక పెళ్లి ఆగిపోబోయింది, దానికి కారణం నేను. పెళ్లికూతుర్ని ఎత్తుకుపోలేదు, పెళ్లికొడుకు ఇంటికి ఆకాశరామన్న ఉత్తరమూ రాయలేదు. కారు బాగుచేశానంతే.

అప్పటికి నేను ప్రొద్దుటూరులో ఫిజిక్సు మాస్టరుగా చేరి రెండేళ్లయింది. మా నాయన జమ్మలమడుగులో పురోహితుడు. మా పాత కారులో బ్యాటరీ గుర్తున్న ఎర్రలైటు ఆరడం మానేసింది. ఇంజను తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్, అంటే మెకానిక్కులు డైనమో అనేది, బ్యాటరీకి పద్నాలుగు వోల్టుల దాకా అందించాలి. అది అందకపోతే బ్యాటరీ ఉన్నదంతా ఖర్చు పెట్టి చేతులెత్తేస్తుంది. పిల్లలకు ఈ పాఠం చెప్పేవాణ్ణి, నేను మెకానిక్కు దగ్గరికి పోతానా?

సెలవులకు ఇంటికొచ్చి, ఆయుధపూజ ముందురోజు వైర్లన్నీ విప్పి, తుడిచి, బిగించడానికి కూర్చున్నాను. మా ఇంట్లో గంధమూ కుంకుమా పడకుండా ఏ పనిముట్టూ పనిలోకి దిగదు. "బానెట్టు మీద ఒక బొట్టు పెట్టురా, చాలు" అన్నాడు నాయన. నా బిగింపు మీద నాకే నమ్మకం తక్కువ. అందుకని దైవసాయం కాస్త దండిగా ఉండాలని, ప్రతి వైరు కొనకూ ప్రతి నట్టు కిందా గంధం మెత్తాను. ఆల్టర్నేటర్ మీదే వోల్టుమీటరు పెడితే పద్నాలుగు చూపించింది. బ్యాటరీ దగ్గర కూడా చూడాలని తోచలేదు. ఎర్రలైటు ఇంకా వెలుగుతుంటే ఆ బల్బు చెడిపోయిందని తీర్మానించాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నాకు మీటరు కొంటే పోయింది.

ఆ వారమే పులివెందులలో పెళ్లి. పెళ్లికూతురి తండ్రి నాయనకు స్నేహితుడు, అంతకు ముందు ఏడాది చనిపోయాడు. కూతురి పెళ్లి దగ్గరుండి జరిపిస్తానని నాయన ఆయనకు మాటిచ్చాడు. పొద్దున్నే బయలుదేరాం. ముద్దనూరు దాటాక హారను మూలిగింది, ఆ వెనకే ఇంజను ఆగిపోయింది.

"ఇంకా ఎంతసేపురా?"

"వైరు వదులైనట్టుండాది నాయనా. ఐదు నిమిషాలు."

"అర్ధగంట నుంచి అదే ఐదు నిమిషాలు చెప్తాండావు."

"నేను సైన్సు చదివినా నాయనా."

"నేను చదవల్యా. తొమ్మిదిన్నరకు ముహూర్తమని మాత్రం తెలుసు. తండ్రి లేని పిల్లరా, నా కోసం పీటల మీద కూర్చోనుంటాది."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

అరటిగెలల కోసం పులివెందుల వైపు పోతున్న ఖాళీ మినీ లారీని ఆయనే చెయ్యెత్తి ఆపాడు. ముందు చోటు లేదు. పట్టుపంచె పైకి ఎగ్గట్టి, పూజసంచీ భుజాన వేసుకుని, వెనక ఎండుటాకుల మధ్య నిలబడి పోయాడు. అరవై ఐదేళ్ల మనిషిని అట్లా పంపింది నేనే.

నేను ఆటోలో ముద్దనూరుకు వెనక్కి పోయి, బండ్ల వైరింగు పని చేసే మస్తాన్‌ను పిలుచుకొచ్చాను. అతను తాను తెచ్చిన బ్యాటరీ తగిలించి ఇంజను తిప్పాడు. ఆల్టర్నేటర్ దగ్గరా బ్యాటరీ దగ్గరా మీటరు పెట్టి చూసి, ఇంజను ఆపి, ఒక నట్టు విప్పాడు. లోపల గోటితో గీరి, వాసన చూశాడు.

"ఇదేంది సామీ? ఎర్త్ వైరు కింద గంధం పెచ్చుగట్టి ఉండాది. డైనమో పాపం ఇస్తానే ఉండాది. బ్యాటరీకి చేరేకి దారి యాడుండాది?"

ఇంతలో ఫోను మోగింది. నాయన. వెనక సన్నాయి. "అందినాలేరా. తాళి కట్టించినా" అన్నాడు. రోడ్డు పక్కన నిలబడి కళ్లు తుడుచుకున్నాను.

మస్తాన్ గంధం గీకి, నట్టు బిగించి, మళ్లీ ఇంజను తిప్పించాడు. బ్యాటరీ మీద పద్నాలుగు. ఎర్రలైటు ఆరిపోయింది.

"ఈ పని ఎవరు చేసినారు సామీ?"

"ప్రొద్దుటూరులో ఎవడో మెకానిక్కులే."

"శానా మొద్దోడు సామీ వాడు. వాని చేతికి ఇంకెప్పుడూ బండి ఇయ్యనని ఒట్టు పెట్టు."

బానెట్టు మీద చెయ్యి పెట్టి, తూర్పుకు తిరిగి, గోత్రనామాలతో సహా ఒట్టు పెట్టాను. ఈరోజుకూ వాణ్ణి నా బండి దగ్గరికి రానివ్వలేదు.