నవ్వు పాఠం, ఎండుమిరపకాయలు

మాది కన్నడ బడి. పిల్లల్లో సగం మంది ఇళ్ళలో తెలుగే. దోణిమలై ఇనుప గనుల లారీలు తిరిగే దారి పక్కన ఉంటుంది కాబట్టి పొద్దున తుడిచిన బెంచీలు మధ్యాహ్నానికి ఎర్రబడతాయి. అక్కడ నేను ఐదో తరగతి టీచర్ని. నాకు కోపం ఎక్కువని పిల్లలు అంటారు. నిజమే.

ఒక ఏడాది మధ్యలో ఆంధ్రా వైపు తెలుగు బడి నుంచి ఒక అమ్మాయి వచ్చి చేరింది. అవ్వ దగ్గర ఉండేది. మొదటి రోజు కన్నడ పాఠం చదవబోయి తడబడితే తరగతంతా గొల్లున నవ్వింది. అంతే, ఆ పిల్ల నోరు మూసేసుకుంది. అందరినీ తిట్టాను, లాభం లేదు. చివరికి వాళ్ళవ్వ బడికొచ్చి తేల్చి చెప్పింది.

"ఉగాది దాకా చూస్తా మేడమ్మా. అప్పటికీ నోరు తెరవకపోతే నాతో మిరపచేనికి తీసుకపోతా. ఈడ మూగదాని మాదిరి కూచోని ఏం చేయాల?"

చేనికి వెళ్ళిన పిల్ల మళ్ళీ బడికి రాదని నాకు తెలుసు. దిగులు పట్టుకుంది.

అప్పుడే తాలూకాలో మాకు ట్రైనింగ్ పెట్టి, రోజూ పాఠానికి ముందు పిల్లల్ని నవ్వించమన్నారు. ఆరోగ్యానికి మంచిదట, భయం పోతుందట. ఎలా నవ్వించాలో మాత్రం చెప్పలేదు. నాకా, జోకులు రావు. సరే కానిమ్మని మరునాడు తరగతిలో నిలబడి, ముందు నవ్వు పాఠమని చెప్పి, ఊరికే పకపకా నవ్వడం మొదలుపెట్టాను. పిల్లలు నవ్వలేదు సరికదా, బిక్కచచ్చిపోయారు. ఎప్పుడూ పళ్ళు కనిపించని మేడం ఒక్కసారిగా అలా నవ్వితే ఏమనుకుంటారు? మేడంకు గాలి సోకిందని మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది.

భోజనాల వేళకు ఆ అవ్వే కొంగులో ఉప్పు, ఎండుమిరపకాయలు కట్టుకుని వచ్చింది. వద్దంటున్నా వినకుండా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి దిష్టి తీసింది. తిన్నగా వంటగదిలోకి వెళ్ళి గ్యాస్ మంట మీద వాటిని పడేసింది. బడంతా ఒకటే దగ్గు. హెడ్మాస్టరు కళ్ళు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తారు.

అవ్వ తరగతిలోకి తిరిగొచ్చి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఇంత ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్లే. మరి ఎందుకట్ల నవ్వినావు మేడమ్మా?"

నేనింకా దగ్గుతూనే ఉన్నాను. వెనక బెంచీ నుంచి, కన్నడా తెలుగూ కలిపి, గట్టిగా ఒక గొంతు లేచింది. ఆ పిల్లదే.

"సుమ్నుండు, ఊరికే ఉండు అవ్వా! మేడంకు ఏం కాలే. నవ్వేదే పాఠమంట. మేడంకు నవ్వేకి రాదు, అదే కష్ట!"

తరగతి మళ్ళీ గొల్లున నవ్వింది. ఈ నవ్వుకు కూడా ముడుచుకుపోతుందేమోనని భయపడ్డాను. ముడుచుకోలేదు. అందరి వైపూ చూసి, లేచి నిలబడి, నేను పొద్దున ఎలా నవ్వానో చేసి చూపించింది. నాకూ ఆపుకోలేనంత నవ్వొచ్చింది, ఈసారి నిజంగా.

అవ్వ మనవరాలి తల నిమిరి బయలుదేరింది. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగింది.

"దీన్ని ఈడనే పెట్టుకో మేడమ్మా. చేనికి నేనొక్కదాన్నే పోతాలే."

ఆ మాటకు మాత్రం నవ్వలేకపోయాను.